మగవాళ్ళకు రొమ్ము క్యాన్సర్: చికిత్స ముగిశాక ఏళ్ళ తరబడి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో మగవాళ్ళు సుమారు ఒక్కరు ఉంటారు. అందుకే ఆసుపత్రి కరపత్రాలు, ఓపీ ఏర్పాట్లు, మందు డబ్బాలోని కాగితం అన్నీ ఆడవాళ్ళ కోసం తయారైనవే. ఆపరేషన్, కీమో, రేడియేషన్ నడుస్తున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అవి పూర్తయి "ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి" అన్న రోజు నుంచి మగ పేషెంటుకు దారి చూపేవాళ్ళు తగ్గిపోతారు. కింద రాసినదంతా ఆ కాలం గురించే. జబ్బు ఎముకలకో, ఊపిరితిత్తులకో పాకకుండా చికిత్స పూర్తయినవాళ్ళ కోసం ఇది. పాకినవాళ్ళ చెకప్‌ల పద్ధతి వేరుగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాం. చాలామంది మగవాళ్ళకు చికిత్స తర్వాత ప్రాణాన్ని కాపాడేది స్కానింగ్ కాదు, ఈస్ట్రోజెన్ హార్మోనును అడ్డుకోవడానికి రోజూ వేసుకునే టామోక్సిఫెన్ మాత్ర. దాన్ని మధ్యలో మానేసేవాళ్ళలో కొందరు, మాత్ర వల్ల పడుతున్న బాధ డాక్టరుకు చెప్పలేక మానేస్తారు. ఆ బాధ ఏమిటో, ఎలా చెప్పాలో ముందుముందు వివరంగా రాశాం.

మొదట ఒక కాగితం తయారు చేసుకోండి

ఫైలు ఎంత లావుగా ఉన్నా, కొత్త డాక్టరు చదవగలిగేది ఒక్క పేజీ. అందులో ఇవి ఉండాలి: ఆపరేషన్ తేదీ, ఏ వైపు, రొమ్ము పూర్తిగా తీశారా గడ్డ వరకే తీశారా, చంకలో ఎన్ని లింఫ్ గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ కనిపించింది, ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు (క్యాన్సర్ ఏ హార్మోను, ఏ ప్రోటీన్ మీద ఆధారపడి పెరుగుతోందో చెప్పేవి), కీమో మందుల పేర్లు, ఎన్ని సైకిల్స్, రేడియేషన్ ఎన్ని రోజులు ఇచ్చారు, టామోక్సిఫెన్ మొదలుపెట్టిన తేదీ, చివరి ఎకోలో గుండె పంపింగ్ శాతం. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలుండే ఐహెచ్‌సీ రిపోర్టు చూసి ఇవన్నీ రాసుకోవచ్చు. రాయడం రాకపోతే వార్డులోని నర్సునో, జూనియర్ డాక్టరునో అడిగి రాయించుకోండి. దాని ఫొటో ఫోనులో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికీ పంపండి.

ప్రతి రిపోర్టు మీద "పురుషుడు" అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. రొమ్ముకు సంబంధించిన పరీక్ష అనగానే అలవాటుగా "స్త్రీ" అని కొట్టేయడం జరుగుతుంటుంది. వివరాలు కలవకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్, ఆరోగ్యశ్రీ కాగితాలు ఆగిపోవచ్చు. అక్కడికక్కడ అయితే అయిదు నిమిషాల్లో సరిచేస్తారు, నెల తర్వాత అయితే తిరగాల్సి వస్తుంది.

ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి, అక్కడ ఏం జరగాలి

మొదటి మూడేళ్ళు 3 నుంచి 6 నెలలకోసారి, నాలుగు, అయిదు సంవత్సరాల్లో 6 నుంచి 12 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. వెళ్ళినప్పుడు డాక్టరు ప్రశ్నలు అడగాలి, చేత్తో చూడాలి: ఆపరేషన్ మచ్చ, రెండు చంకలు, మెడ కింద అడ్డంగా ఉండే ఎముకల (కాలర్ బోన్) పైభాగం, రెండో వైపు రొమ్ము, పొట్టలో కాలేయం. మగవాళ్ళ విషయంలో చొక్కా విప్పించకుండా రిపోర్టులు చూసి పంపేయడం మామూలైపోయింది. అలా అయితే మొహమాటపడకండి. "డాక్టరు గారూ, మచ్చ, చంకలు ఒకసారి చేత్తో చూడండి" అని అడగండి. అది మీ హక్కు, చెకప్‌లో అసలు భాగం కూడా అదే.

ఏ బాధా లేనివాళ్ళకు ఏటా పెట్ స్కాన్, సీటీ, బోన్ స్కాన్, సీఏ 15-3 లాంటి రక్త పరీక్షలు చేయించాల్సిన పనిలేదు. వినడానికి ఇది నిర్లక్ష్యంలా ఉంటుంది, కాదు. బాధ మొదలవకముందే స్కాన్‌లో కనిపెట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగదని పరిశోధనల్లో తేలింది. పైగా పాత టీబీ మచ్చ, చిన్న తిత్తి, కీళ్ళ అరుగుదల వంటివి స్కాన్‌లో కనిపించి మళ్ళీ బయాప్సీల దాకా తీసుకెళ్తాయి. సీఏ 15-3 కాలేయ సమస్యల్లోనూ పెరుగుతుంది. ఆ డబ్బు మాత్రలకు, ఫిజియోథెరపీకి, జన్యు పరీక్షకు పెట్టడం మేలు. బాధ ఉంటే మాత్రం స్కాన్ ఆలస్యం చేయకూడదు.

మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) సంగతి వేరు. గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచినవాళ్ళు ఆ వైపు ఏటా మామోగ్రామ్ తీయించుకోవాలి. పూర్తిగా తీసేసిన వైపు తీయడానికేమీ ఉండదు. రెండో వైపు ఏటా తీయడం గురించి డాక్టరుతో మాట్లాడాల్సింది ముఖ్యంగా, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ వంటి జన్యు మార్పు ఉన్నవాళ్ళు. మగవాళ్ళకు ఎంఆర్ఐ మామూలుగా అవసరం లేదు.

మామోగ్రామ్ రోజున చంకల్లో పౌడరు, డియోడరెంటు, నూనె రాసుకోకండి. అవి ఫిల్ములో తెల్లటి చుక్కల్లా కనబడి అనుమానానికి దారితీస్తాయి. బొత్తాల చొక్కా వేసుకోండి. మెడలో గొలుసు, తాయెత్తు తీసి పెట్టుకోండి. రొమ్ము చిన్నదైనా యంత్రం పలకల మధ్య పడుతుంది, ఛాతీ కండను కొంచెం ముందుకు లాగి పట్టుకుంటారు, కొన్ని సెకన్లు నొప్పిగా ఉంటుంది. ఆడవాళ్ళు కూర్చునే హాల్లో వేచి ఉండడం ఇబ్బందనిపిస్తే ముందే ఫోన్ చేసి ఉదయం మొదటి స్లాట్ అడగండి. పాత ఫిల్ములు తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. పోల్చి చూసుకునే వీలుంటే అనవసరపు బయాప్సీలు తప్పుతాయి.

ఇంట్లో నెలకోసారి, స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో మీరే చూసుకోండి. మూడు వేళ్ళ మెత్తటి భాగంతో మచ్చ ఒక చివర నుంచి ఇంకో చివరకు, తర్వాత రెండు చంకలు, కాలర్ బోన్‌ల పైన గుంటలు, రెండో చనుమొన చుట్టూ. మచ్చ వెంట గట్టి గట్టు, తిమ్మిరి, అప్పుడప్పుడు చురుక్కుమనే నొప్పి మామూలే. చంక నుంచి మోచేతి వైపు దారాల్లా బిగుసుకున్న తీగలు కూడా ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల్లో కనిపించవచ్చు. వ్యాయామంతో అవి కొన్ని నెలల్లో సర్దుకుంటాయి. మచ్చ మీద కొత్తగా కందిగింజంత గట్టి బుడిపె, మానని పుండు, ఎర్రటి పొక్కుల గుంపు, మెడలో బిళ్ళ, చనుమొన నుంచి రసి, రక్తం, ఇవి మామూలు కావు. వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకండి, ఆ వారంలోనే చూపించండి.

టామోక్సిఫెన్

మగవాళ్ళకు వచ్చే రొమ్ము క్యాన్సర్లలో పదింట తొమ్మిది ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరిగేవే. అందుకే రోజుకు 20 మి.గ్రా. టామోక్సిఫెన్, కనీసం అయిదేళ్ళు. మన షాపుల్లో 10, 20 మి.గ్రా. రెండూ దొరుకుతాయి. కంపెనీ మారినా మందు అదే, కానీ స్ట్రిప్ మీద అంకె మాత్రం ప్రతిసారీ చూసుకోండి. 10 అయితే రోజుకు రెండు. ఏ వేళ వేసుకున్నా ఫర్వాలేదు, రోజూ ఒకే వేళ అయితే మరిచిపోరు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు మామూలు మోతాదే వేసుకోండి, రెండింతలు వద్దు. స్ట్రిప్ అయిపోయాక కాకుండా పది మాత్రలు ఉండగానే కొత్తది కొనండి. మండల కేంద్రాల్లోని చిన్న షాపుల్లో ఇది ఎప్పుడూ నిల్వ ఉండదు.

డబ్బాలోని కాగితంలో గర్భసంచి గురించీ నెలసరి గురించీ ఉన్న హెచ్చరికలు మీకు వర్తించవు. రక్తం గడ్డకట్టడం, కళ్ళు, కాలేయం గురించి రాసినవి మీకూ వర్తిస్తాయి.

ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. అదే రోజు రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో గుచ్చుకునే నొప్పి, దగ్గితే రక్తం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమో అన్న అనుమానంతో 108కి ఫోన్ చేయాలి. మొదటి రెండేళ్ళు మరీ జాగ్రత్త. మోకాలి మార్పిడి, హెర్నియా వంటి ఏ ఆపరేషన్‌కైనా ముందు టామోక్సిఫెన్ వాడుతున్నట్టు సర్జనుకు, మత్తు డాక్టరుకు చెప్పండి. కొన్నాళ్ళు ఆపమంటే ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీ రాయించుకోవాలి. ఆపమన్నది గుర్తుండి, మళ్ళీ మొదలుపెట్టడం మరిచిపోయేవాళ్ళు చాలామంది. అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళేవాళ్ళు నెలల తరబడి ఉంటారు కాబట్టి అక్కడున్నన్నాళ్ళకు సరిపడా మాత్రలు, ఇంగ్లిషు ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలోనే పెట్టుకోండి. విమానంలో గంటకోసారి లేచి నడవండి, నీళ్ళు తాగుతూ ఉండండి. ప్రయాణానికి ముందు డాక్టరుకొక మాట చెప్పండి.

ఒళ్ళంతా ఆవిర్లు, ఉన్నట్టుండి చెమట మగవాళ్ళకూ వస్తాయి. సాయంత్రం కాఫీ, మద్యం, మరీ కారం తగ్గించి, నూలు బట్టలు వేసుకుని చూడండి. అయినా రాత్రుళ్ళు నిద్ర చెడుతుంటే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటివి డాక్టరు రాయగలరు. షుగరు మందులు వాడేవాళ్ళు ఇక్కడొకటి గమనించాలి. చెమట, దడ షుగరు పడిపోయినా వస్తాయి. ఆ సమయంలో గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే అది టామోక్సిఫెన్ ఆవిరి కాదు, వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెరో, గ్లూకోజో నీళ్ళలో కలుపుకుని తాగాలి. రాత్రి చెమటతో పాటు జ్వరం, బరువు తగ్గడం, వారాల తరబడి దగ్గు ఉంటే టీబీ కోసం కూడా చూడాలి.

ఇక చెప్పుకోలేని బాధ. ఈ మాత్ర వల్ల కొందరికి కోరిక తగ్గుతుంది, అంగస్తంభన సరిగా ఉండదు. చిరాకు, దిగులు, బరువు పెరగడం, కాళ్ళ తిమ్మిర్లు, పట్టేయడం కూడా ఉంటాయి. భార్య, కొడుకు పక్కన ఉండగా, లేదా మహిళా డాక్టరు ఎదుట ఇది నోటికి రాదు. అప్పుడు "డాక్టరు గారితో రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి" అని నర్సుకు చెప్పండి. అదీ కష్టమైతే చీటీ మీద ఇలా రాసి ఇవ్వండి: "ఈ మాత్ర మొదలుపెట్టాక కోరిక తగ్గింది, గట్టిపడడం లేదు. మాత్ర ఆపకుండా దీనికేం చేయవచ్చు?" చివరి వాక్యం ముఖ్యం. మీరు మాత్ర మానే ఉద్దేశంతో లేరని తెలిస్తే డాక్టరు దారులు వెతుకుతారు. షుగరు, బీపీ మందులు, నిద్ర, దిగులు అన్నీ చూస్తారు. గుండె బాగుంటే సిల్డెనాఫిల్, టాడలాఫిల్ వాడవచ్చు. గుండె నొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం వాటిని ముట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, జెల్లులు వద్దే వద్దు. టామోక్సిఫెన్ వాడే మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ తగ్గదు, కొంత పెరుగుతుంది కూడా. అందువల్ల బయటి నుంచి ఇవ్వడంతో లాభం లేదు. పైగా అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారి, మనం ఏ హార్మోనును అడ్డుకోవాలనుకుంటున్నామో దానికే మేత వేసినట్టవుతుంది. "మగతనం పెంచే" పొడులు, లేహ్యాలు, జిమ్‌లో ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఇదే కారణంగా దూరం పెట్టాలి. వాటిలో ఏం కలిపారో డబ్బా మీద ఉండకపోవచ్చు. పొట్ట చుట్టూ కొవ్వు కూడా టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. బరువు తగ్గమని డాక్టర్లు పదేపదే చెప్పడానికి ఇదొక కారణం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకోండి.

దిగులుకో, శీఘ్రస్ఖలనానికో మరో డాక్టరు మందు రాస్తే పేరు చూసుకోండి. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్, బుప్రోపియాన్ టామోక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. వెన్లాఫాక్సిన్‌తో ఆ ఇబ్బంది తక్కువ. రక్తం పల్చబడే వార్ఫరిన్‌తో టామోక్సిఫెన్ కలిస్తే రక్తస్రావం కావచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు మాత్ర వాడుతున్నంత కాలం గర్భనిరోధక జాగ్రత్త పాటించి, ఎప్పుడు ఎలా ఆపాలో డాక్టరుతోనే నిర్ణయించుకోవాలి. చూపు మసకబారితే కంటి డాక్టరుకు ఈ మందు పేరు చెప్పండి.

టామోక్సిఫెన్ పడనివాళ్ళకు ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటివి ఇస్తారు. మగవాళ్ళలో వాటిని ఒక్కటే ఇవ్వకూడదు. వృషణాల నుంచి వచ్చే హార్మోనును ఆపే గోసెరెలిన్, లూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్ కూడా కలపాలి. మీ చీటీలో లెట్రోజోల్ ఒక్కటే ఉంటే "దీంతో పాటు ఇంజెక్షన్ ఉండాలా?" అని అడగండి. ఈ జంట మందులతో ఎముకలు పల్చబడతాయి కాబట్టి మొదట్లోనే ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, తర్వాత రెండేళ్ళకోసారి, కాల్షియం, విటమిన్ డి అవసరం.

చేతి వాపు, భుజం, ఛాతీ

చంకలో గ్రంథులు తీసినవాళ్ళకు ఆ వైపు చేయి ఎప్పుడైనా వాయవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా. మొదట్లో వాపు కంటికి కనబడదు. వాచీ బిగుతుగా, ఉంగరం రాకుండా, సాయంత్రానికి చేయి బరువుగా ఉంటుంది. దర్జీ టేపుతో నెలకోసారి రెండు చేతులూ కొలవండి: అరచేతి మధ్య, మణికట్టు, మోచేతికి 10 సెం.మీ. కింద, 10 సెం.మీ. పైన. ఎప్పుడూ ఒకే వేళ కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పనిచేసే చేయి సహజంగానే కొంచెం లావుగా ఉంటుంది, కనుక మొదటి కొలతతో పోల్చాలి. తేడా 2 సెం.మీ. దాటితే ఫిజియోథెరపిస్టును కలవాలి. అప్పుడే పట్టుకుంటే కట్లు, చేతిని నొక్కి ఉంచే బిగుతు తొడుగు (కంప్రెషన్ స్లీవ్), తేలికపాటి మర్దనతో అదుపులో ఉంటుంది. స్లీవ్ కొలత ప్రకారం కొనాలి, సాగు పోతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మార్చాలి. ఈ వాపు మూత్రం ఎక్కువ పోసే లాసిక్స్ మాత్రలతో తగ్గదు. కోస్తా జిల్లాల్లో చేయి వాచిందంటే బోదవ్యాధి మాత్రలు ఇచ్చేస్తుంటారు, వాటితోనూ తగ్గదు. ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి.

బరువులు ఎత్తకూడదన్న పాత సలహా ఇప్పుడు లేదు. అరకిలో, కిలోతో మొదలుపెట్టి వారాల మీద నెమ్మదిగా పెంచుకుంటూ పోతే వ్యాయామం మేలే చేస్తుంది. ఒక్కసారిగా బస్తా ఎత్తడంతోనే చిక్కు. రైతులకు ఇంకొక మాట: 16 లీటర్ల స్ప్రే ట్యాంకు నిండితే 20 కిలోల దాకా తూగుతుంది, దాని పట్టీ సరిగ్గా మచ్చ మీదే ఒరుసుకుంటుంది. మొదటి ఏడాది ఆ పని మరొకరికి అప్పగించండి, తప్పకపోతే సగమే నింపి కింద మెత్తటి గుడ్డ పెట్టుకోండి. కలుపు తీసేటప్పుడు, ముళ్ళ కంపలు కొట్టేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. చంకలో బ్లేడు బదులు ట్రిమ్మరు వాడండి. చిన్న గాయమైనా సబ్బు నీళ్ళతో కడిగి మందు రాయండి. చేయి ఎర్రగా, వేడిగా మారి చలిజ్వరం వస్తే అదే రోజు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఒక్క రాత్రి ఆగినా ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. బీపీ చూడడం, సూది వేయడం వీలైతే రెండో చేతికి.

భుజం బిగుసుకోకుండా గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించండి, పది సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. రెండు చేతులూ ఒకే ఎత్తుకు లేచేవరకూ చేయాలి. రేడియేషన్ వల్ల బిగుతు నెలల తర్వాత కూడా పెరుగుతుంది, కనుక అది పూర్తయినా మానకండి. రేడియేషన్ అయిన ఆరు నెలల లోపు పొడిదగ్గు, ఆయాసం వస్తే జలుబనుకుని సిరప్ తాగుతూ కూర్చోకండి, ఊపిరితిత్తుల వాపేమో చూపించుకోండి.

మన దగ్గర మగవాడు చొక్కా లేకుండా నిలబడే సందర్భాలు తక్కువేమీ కాదు: పెళ్ళి పీటలు, ఉపనయనం, వ్రతం, మంత్రాలయం లాంటి చోట్ల దర్శనం, పుష్కర స్నానం. ఉత్తరీయాన్ని మచ్చ ఉన్న వైపు భుజం మీదుగా వెడల్పుగా వేసి నడుముకు దోపుకుంటే చాలావరకు కప్పేస్తుంది. రేడియేషన్ ఇచ్చిన చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి నది ఒడ్డున అది అవసరం కూడా. ఎవరైనా అడిగితే "ఛాతీలో గడ్డకు ఆపరేషన్ అయింది" అంటే సరిపోతుంది. ఎంత చెప్పాలో, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం.

పిల్లలకు చెప్పాల్సిన సంగతి

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి మగవాడికీ, వయసుతో, కుటుంబ చరిత్రతో సంబంధం లేకుండా జన్యు పరీక్ష అవకాశం ఇవ్వాలన్నది నేటి వైద్య నియమం. రక్తం, లేదా లాలాజలం ఇస్తే చాలు. మగవాళ్ళలో ఎక్కువగా కనిపించేది బీఆర్‌సీఏ2 మార్పు. అది తండ్రి నుంచి కూతురికీ కొడుక్కీ సమానంగా, ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశంతో వెళ్తుంది. ఈ జబ్బు తల్లి వైపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. ముందు మీకు పరీక్ష చేసి మార్పు దొరికితే, మిగతావాళ్ళకు ఆ ఒక్కదాన్నే వెతికితే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని వస్తే దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి. బీఆర్‌సీఏ2 ఉన్న మగవాళ్ళు 40 ఏళ్ళ నుంచి ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ కోసం రక్తంలో పీఎస్‌ఏ పరీక్ష చేయించుకోవాలి.

పెళ్ళి సంబంధాలు చెడతాయని ఆడపిల్లలకు చెప్పకుండా దాచే కుటుంబాలున్నాయి. ఆ భయం నిజమైనదే. అయినా చెప్పి తీరాలన్నది మా గట్టి అభిప్రాయం. మార్పు ఉందని తెలిసిన కూతురు పాతికేళ్ళ నుంచే ఎంఆర్ఐతో చూపించుకోవచ్చు, జబ్బు వస్తే చిన్నగా ఉండగానే దొరుకుతుంది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, పిల్లలకు 18 నిండాక వాళ్ళకు చెబితే చాలు.

ప్రయాణం, అయిదేళ్ళ తర్వాత

హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా వంటి క్యాన్సర్ ఆసుపత్రులకు దూరం నుంచి వచ్చేవాళ్ళు రైల్వే రాయితీ వాడుకోవాలి. క్యాన్సర్ పేషెంట్లకు చికిత్సకే కాదు, చెకప్‌కు వెళ్ళినా అది వర్తిస్తుంది. స్లీపర్, థర్డ్ ఏసీలలో పేషెంటుకు పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం. రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. ఆరోగ్యశ్రీ కింద చికిత్స జరిగినవాళ్ళు ఫాలోఅప్‌కు ఏవి వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ప్రతిసారీ అడగండి.

అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా చూపించాల్సినవి ఇంకొన్ని: ఒకేచోట రెండు మూడు వారాలకు పైగా తగ్గని ఎముక నొప్పి, ముఖ్యంగా రాత్రి పెరిగేది; తగ్గని దగ్గు; కళ్ళు పచ్చబడడం; కారణం లేకుండా బరువు తగ్గడం; ఎప్పుడూ లేని తలనొప్పితో వాంతులు, ఫిట్స్. నడుము నొప్పితో పాటు కాళ్ళు బలహీనమైతే, మూత్రం బిగిస్తే అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్ళాలి. వెన్నుపాము మీద ఒత్తిడి పడితే గంటలు కూడా లెక్కే.

అయిదేళ్ళు నిండే ముందు చెకప్‌లో ఒక ప్రశ్న తప్పక అడగండి: "టామోక్సిఫెన్ ఇక్కడితో ఆపాలా, మరో అయిదేళ్ళు వాడాలా?" చంక గ్రంథుల్లో జబ్బు ఉన్నవాళ్ళకు, గడ్డ పెద్దదైనవాళ్ళకు, మాత్ర బాగా పడినవాళ్ళకు కొనసాగించమని చెప్పవచ్చు. ఈస్ట్రోజెన్ మీద ఆధారపడే క్యాన్సర్ అయిదేళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి మాత్ర ఆపినా ఏడాది చెకప్ ఆగదు. తర్వాతి అపాయింట్‌మెంటు తేదీ రాయించుకున్నాకే ఆ రోజు ఓపీ నుంచి కదలండి.